క్లాసుకొక్క అత్తగారు

పిన్ని రాసిన వ్యాసానికి సగం మార్కులు ఎగిరిపోయాయి. రాసిన విషయంలో తప్పు దొరికి కాదు. మింగడం కష్టమైన రోగికి అన్నం తినిపించేటప్పుడు నర్సు ఏమేం చూసుకోవాలో ఆమె రాసింది చదివి, పక్కన పచ్చ సిరాతో "బాగుంది" అని రాసిన టీచరమ్మే, చివరి పేజీకి వచ్చేసరికి ఎర్ర సిరా అందుకుంది. ఏయే పుస్తకాలు చూసి రాశారో వాటి వివరాలు చివర్లో ఇవ్వాలి. రచయిత ఇంటిపేరు ముందు రావాలా వెనక రావాలా, సంవత్సరం ఎక్కడ, చుక్క ఎక్కడ, ఏ పేరు వాలు అక్షరాల్లో ఉండాలి, వీటన్నిటికీ ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి చెప్పడానికి ఒక లావుపాటి పుస్తకం ఉంది. ఆ పుస్తకం కాలేజీ లైబ్రరీలో అద్దాల బీరువాలో ఉంది. బీరువా తాళం లైబ్రరీ ఆయన జేబులో ఉంది. ఆయన సాయంత్రం నాలుగింటికి ఇంటికి వెళ్ళిపోతాడు. నర్సింగ్ పిల్లలకు వార్డులో డ్యూటీ దిగేదీ నాలుగింటికే.

చూడనివ్వని పుస్తకంలో ఉన్న నియమం తప్పిందని మార్కులు కోశారన్నమాట. దానికి పిన్ని ఏమంది?

"పోన్లెండి మేడమ్" అంది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆమె నిజానికి ఆ క్లాసులో ఎవరికీ పిన్ని కాదు. మిగతావాళ్ళంతా స్కూలు గుమ్మం దిగి నేరుగా వచ్చిన పిల్లలు. ఈమె వాళ్ళ అమ్మల ఈడుది. మొదటి రోజు ఆమెను చూసి, ఎవరి తల్లో ఫీజు కట్టడానికి వచ్చిందనుకుని కుర్చీ వేశారు. ఆమె వచ్చి రెండో బల్ల మీద కూర్చునేసరికి నోళ్ళు తెరిచారు. సాయంత్రానికల్లా పిన్ని అయిపోయింది. అంతకు ముందు చాలా ఏళ్ళు ఇళ్ళకెళ్ళి మంచానపడ్డ పెద్దవాళ్ళను చూసుకునే పని చేసింది. ఒళ్ళు తుడవడం, పక్కకు తిప్పడం, తినిపించడం, వాళ్ళ తిట్లు తినడం. అవసరం పడినప్పుడు ఆ ఇళ్ళవాళ్ళు "నర్సమ్మా" అని నోరారా పిలిచేవాళ్ళు. చుట్టాలెవరైనా వచ్చి "నర్సును పెట్టుకున్నారా?" అంటే మాత్రం, "అబ్బే, పనిమనిషే" అని ఆమె ముందే సరిదిద్దేవాళ్ళు. ఆ మాటకూ ఆమె పోన్లే అనే అనుకుంది. కానీ ఆ ఏడాదే నర్సింగ్‌కి దరఖాస్తు పెట్టింది.

ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళకి ఆ కాలేజీలో కొన్ని సీట్లున్నాయి. వాటికో షరతు కూడా ఉంది: ఒక్క ఏడాది తప్పినా సీటు పోతుంది. చిన్నపిల్లలైతే మొదటి ఏడు మళ్ళీ చదువుకోవచ్చు. పిన్నికి మళ్ళీ అనేది లేదు. సగం మార్కులు పోయాక ఇక మిగిలింది, వార్డులో ఒక రోగిని దగ్గరుండి చూసి రాసే కేస్ స్టడీ ఒక్కటే. అందులో గట్టెక్కితే రెండో ఏడు, లేకపోతే తిరిగి ఎవరింట్లోనో "అబ్బే, పనిమనిషే".

టీచరమ్మ చెడ్డది కాదు. పిన్ని కంటే వయసులో చిన్నది కాబట్టి, అందరినీ "నువ్వు" అంటూ ఆమెను మాత్రం "మీరు" అనేది. కాకపోతే పోయినేడు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడొకాయన పిల్లలు చివర్లో ఇచ్చిన రిఫరెన్సులు చూసి పకపకా నవ్వాడట. ఆ నవ్వు ఆమె చెవిలో ఇంకా మోగుతూనే ఉంది.

"వచ్చే సోమవారానికి ఆ పుస్తకం ఎవరిది వాళ్ళు కొనుక్కోవాలి. పుస్తకం లేనివాళ్ళ కేస్ స్టడీ నేను ముట్టుకోను" అని ప్రకటించేసి వెళ్ళిపోయింది.

డ్యూటీ దిగాక పిల్లలు బట్టలు మార్చుకునే గది ఒకటుంది, వార్డుకీ క్లాసులకీ మధ్య. ఒక పక్క ఇనుప అరలు, మధ్యలో పొడుగు బల్ల, కిటికీ పక్కన చక్రం బిగుసుకుపోయి ఎవరూ పట్టించుకోని డ్రెస్సింగ్ ట్రాలీ. ఆ సాయంత్రం గది గదంతా మార్కెట్టులా ఉంది.

"దాని లావు చూశారా? రోగి కాలు ఎత్తులో పెట్టమంటారే, దానికి పనికొస్తుంది" అంది గుండుసూది. సన్నగా ఉంటుంది, మాట గుచ్చుకుంటుంది, అందుకే ఆ పేరు.

"అందులో మనకు కావాల్సింది గుప్పెడు పేజీలే. దానికోసం అంత పుస్తకమా?" అంది కళ్ళజోడు. "ఫోన్లో ఊరికే వస్తుంది కదే! పుస్తకం పేరు కొడితే రిఫరెన్సు అదే రాసి ఇచ్చేస్తుంది."

"ఇచ్చింది, ఇదిగో, కళ్ళజోడు తుడుచుకుని చూడు." గుండుసూది తన ఫోను తిప్పి చూపించింది. "ఆరోగ్య శాఖ వాళ్ళు వేసిన పుస్తకం ఇది. ఈ ఫోను అదేదో మనిషనుకుంది. ఇంటిపేరు శాఖ అట, పేరు ఆరోగ్య అట. శాఖ ఆరోగ్య గారు! ఎవరే ఈయన, మీ మేనమామా?"

గది గొల్లుమంది. నవ్వులు సద్దుమణిగాక ఎవరో నెమ్మదిగా, "మరి కొనాలా వద్దా?" అన్నారు. అందరి చూపులూ పిన్ని వైపు తిరిగాయి.

"నా మొహం చూస్తారేంటే?"

"పెద్దదానివి కదా పిన్నీ."

"పెద్దదాన్నే. మార్కులు పోయినవాళ్ళలో కూడా నేనే పెద్దదాన్ని" అని పిన్ని నవ్వేసింది. కానీ ఇంటికి వెళ్ళే దారంతా అదే ఆలోచన.

ఇంటి ముందు గదే భర్త కుట్టు దుకాణం. ఆయన దర్జీ. ముగ్గురు పనివాళ్ళను పెట్టుకుని స్కూలు పిల్లల బట్టలు కుడతాడు. వెనక గదిలో ఒకే బల్ల. దానికి ఆ చివర పదో తరగతి కూతురు, ఈ చివర మొదటి ఏడు నర్సింగ్ తల్లి. మధ్యలో అత్తగారు కూర్చుని ఇద్దరికీ దీపం సరిగ్గా పడుతోందా లేదా అని చూస్తుంటుంది.

విషయమంతా విని దర్జీ, బట్ట మీద నుంచి కత్తెర ఎత్తకుండానే, "కొనుక్కో" అన్నాడు. "సీటు పోతుందంటున్నావుగా."

"కొనలేక కాదండీ. నేనంటే ఎలాగో కొంటాను. ఆ గుండుసూది వార్డు బూట్లు కూడా పక్కదాన్ని అడిగి వేసుకుంటోంది. అది ఎక్కడ కొంటుంది? పోనీ కొన్నామే అనుకోండి, రోజూ ఆ ఇటుకరాయిని మోసుకుని వార్డంతా తిరగాలా?"

దర్జీ కత్తెర ఆపి గోడ వైపు చూపించాడు. అక్కడ మేకులకి అట్టముక్కలు వేలాడుతున్నాయి. కాలరుకి ఒకటి, జేబుకి ఒకటి, చేతికి ఒకటి.

"నా దగ్గర ముగ్గురున్నారు. కత్తెర ఎవరిది వాళ్ళదే. ఒకడి కత్తెర ఇంకొకడు ముట్టుకుంటే దుకాణంలో యుద్ధమే. కాలరు అట్ట మాత్రం అందరికీ ఒక్కటే. కావాల్సినవాడు తీస్తాడు, గీసుకుంటాడు, తగిలిస్తాడు. ఆ అట్టని నేను బీరువాలో పెట్టి తాళం వేసుకుని, కాలరు వంకరగా కుట్టావేంరా అని వాణ్ణి తిట్టాననుకో, నాకు బుద్ధి ఉన్నట్టా?"

"నాన్నా, నువ్వెళ్ళి అమ్మ కాలేజీకి ప్రిన్సిపాలుగా చేరిపో" అంది కూతురు లోపలి నుంచి.

"ప్రిన్సిపాలు గారి ప్యాంటు కుట్టాను. ఆయనతో ఆ పరిచయం చాలు."

మర్నాడు క్లాసులో టీచరమ్మ పాఠం మొదలుపెట్టబోతుంటే పిన్ని లేచి నిలబడింది. "మేడమ్, ఒక్క మాట" అంది. ఆమె నోటి నుంచి "పోన్లెండి" తప్ప ఇంకో మాట విని ఎరగని పిల్లలు మెడలు తిప్పి చూశారు.

"స్టెతస్కోపు కొనమన్నారు, కొన్నాం. అది చెవిలో పెట్టుకునేది, ఎవరిది వాళ్ళకుండాలి. సెకన్ల ముల్లున్న వాచీ కొనమన్నారు, కొన్నాం. నాడి చూడాలంటే చేతికి ఉండాలి. ఈ పుస్తకం అలాంటిది కాదు కదండీ. అవసరమైనప్పుడు తెరిచి చూసుకుని మూసేసేదే. లైబ్రరీలో ఉన్నది మాకు అందదు. మేం డ్యూటీ దిగేసరికి తాళం పడిపోతుంది. అందుకని క్లాసంతా కలిసి ఒకటి కొంటాం. బట్టలు మార్చుకునే గదిలో బల్ల పక్కన పెట్టుకుంటాం. అప్పటికీ తప్పులు పోకపోతే, మీరన్నట్టే ఎవరిది వాళ్ళు కొంటాం."

టీచరమ్మ సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పింది. "పోతే ఎవరిది బాధ్యత?"

"నాదండీ."

"ఈ కేస్ స్టడీ మీకెంత ముఖ్యమో గుర్తుందా?"

"గుర్తుంది కాబట్టే అడుగుతున్నానండీ."

టీచరమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి, "సరే. ముందు మీ కాగితాలే దిద్దుతాను" అంది. అది వరమో బెదిరింపో ఎవరికీ అర్థం కాలేదు.

పుస్తకం వచ్చింది. పెట్టడానికి చోటేదీ అని వెతికితే కిటికీ పక్కన చక్రం కదలని ట్రాలీ కనిపించింది. దాన్ని కడిగి తుడిచి, పైన తెల్లగుడ్డ పరిచి పుస్తకాన్ని పడుకోబెట్టారు. పడుకోబెట్టాక వార్డు పిల్లలు ఊరుకుంటారా? కళ్ళజోడు ఒక కేస్ షీటు తెచ్చి ట్రాలీకి తగిలించింది. రోగి పేరు దగ్గర ఏం రాయాలని తర్జనభర్జన పడుతుంటే గుండుసూది అంది: "చుక్క తక్కువైనా ఒప్పుకోదు, చుక్క ఎక్కువైనా ఒప్పుకోదు. ఏం చేసినా తప్పే. ఇంకేం పేరుంటుందే? అత్తగారు!"

అలా అత్తగారు ఆ గదిలో అడ్మిట్ అయింది.

వార్డులో ఒకరు డ్యూటీ దిగి ఇంకొకరు ఎక్కేటప్పుడు రోగి దగ్గర నిలబడి పరిస్థితి అప్పజెప్పడం పద్ధతి. పుస్తకానికీ అదే పద్ధతి పెట్టారు. రోజుకొకరు దాని డ్యూటీ. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి హ్యాండోవర్ ఇవ్వాలి.

"అత్తగారు నిన్న స్థిమితంగానే ఉన్నారు. పత్రికల పేజీ దగ్గర మూల నలిగింది, ఇస్త్రీ చేశాం. టీ మరక పడబోయి తప్పింది. ఆ కళ్ళజోడుని దగ్గరికి రానివ్వకు."

"వెన్ను ఎలా ఉంది?"

"వెన్ను పట్టు తప్పుతోంది. ప్లాస్టర్ వేశాం. అయినా ఊడుతోంది, కుట్లు పడేలా ఉన్నాయి."

కుట్లు వేసింది దర్జీ. పిన్ని ఆదివారం పుస్తకాన్ని ఇంటికి మోసుకెళితే, మందపు సూదితో అట్టకీ పేజీలకీ కలిపి గట్టిగా కుట్టిచ్చాడు. ఆ సాయంత్రం పిన్ని ఫోన్లో గుండుసూదితో, "అత్తగారి వెన్నుకి కుట్లు పడ్డాయే, ఇక ఎన్నిసార్లు తెరిచినా నోరెత్తదు" అంటుంటే, గుమ్మంలో అసలు అత్తగారు నిలబడి ఉంది. ఆ తర్వాత పిన్ని ఎన్ని వివరణలు ఇచ్చిందో! చివరికి పెద్దావిడ పుస్తకం చేతికి తీసుకుని బరువు చూసి, "నాకంటే ఇదే నయం. అడిగితేనే చెబుతుంది" అంది.

కేస్ స్టడీకి పిన్ని ఎంచుకున్న రోగి వార్డులో మూల మంచం తాతగారు. గడియారాలు బాగుచేసేవాడు. పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడింది. ముద్ద నోట్లో పెడితే బుగ్గన పెట్టుకుని ఉండిపోతాడు, మింగడు. పిన్ని పాఠ్యపుస్తకంలో ఉన్నవన్నీ చేసింది. నిటారుగా కూర్చోబెట్టింది, గడ్డం కిందికి వంచింది, చిన్న చెంచా వాడింది, ఓపిగ్గా ఆగింది. ఆయన మాత్రం కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య, మామ్మగారు, అదంతా చూసి చూసి అంది: "ఊరికే పెడితే తినడమ్మా. ముందు ముక్కు దగ్గర పెట్టి వాసన చూపించు. తర్వాత 'ఇక కానీండి' అను."

"అంటే?"

"దుకాణంలో గడియారం మీద వంగాడంటే లోకం తెలిసేది కాదు. అన్నం చల్లారిపోయేది. పెళ్ళయినప్పటి నుంచీ నేను 'ఇక కానీండి' అంటేనే ఆ తల పైకి లేచేది."

పిన్ని చెంచా ఆయన ముక్కు దగ్గర పెట్టి వాసన చూపించి, నోటికి అందించింది. "ఇక కానీండి" అంది. తాతగారు ఆమె వైపు కోపంగా చూశాడు. చూసి, మింగాడు.

ఆ మాటని పిన్ని కేస్ స్టడీలో రాసింది. ఎంత శ్రద్ధగా రాసిందంటే, చివర్లో పుస్తకాల వివరాలిచ్చే చోట, పెద్ద పెద్ద రచయితల వరుసలో మామ్మగారినీ చేర్చింది. ఇంటిపేరు ముందు, తర్వాత చుక్క, తర్వాత సంవత్సరం, వార్డు, మంచం నంబరుతో సహా. అత్తగారు చెప్పిన పద్ధతిలోనే, అచ్చు పుస్తకం రాసినావిడలా. ఎన్ని ఇళ్ళలో ఎంత చేసినా తన పేరు ఎవరూ ఎక్కడా చెప్పలేదు. తాను మాత్రం చెప్పినవాళ్ళ పేరు మింగేసే మనిషి కాకూడదనుకుంది.

కాగితాలు ఇవ్వాల్సిన రోజున పుస్తకం డ్యూటీ గుండుసూదిది. "ఇచ్చే ముందు అత్తగారికి ఒకసారి చూపించుకో పిన్నీ" అని చివరి పేజీ లాక్కుని వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. సగంలో వేలు ఆగింది.

"పిన్నీ, ఈవిడెవరు?"

"మామ్మగారే."

"మామ్మగారేంటి ఇక్కడ?" గుండుసూది గబగబా పేజీలు తిప్పింది. "నోటితో చెప్పిన మాట, ఇంకొకళ్ళు వెతికి చూసుకోలేనిది, చివరి జాబితాలో పెట్టకూడదట. లోపల రాతలోనే చెప్పాలట. అది సరే... పిన్నీ, పేరు, మంచం నంబరు! రోగి సంగతి బయటికి పొక్కకూడదని మొదటి వారమే చెప్పారు కదా మనకి!"

పిన్ని కాగితం లాక్కుని చూసుకుంది. తను గౌరవం అనుకుని రాసింది. ఆ కాగితం చదివిన ప్రతివాళ్ళకీ ఒక ముసలాయన నోట్లో ముద్ద నిలవడం లేదన్న సంగతి పేరుతో సహా తెలిసిపోతుందని తట్టనే లేదు. ఇది మార్కులు పోయే తప్పు కాదు, సీటు పోయే తప్పు.

"మరి ఆమె చెప్పింది ఆమె పేరు లేకుండా రాస్తే నేను దొంగనవనా?" అంది.

"దొంగవెందుకవుతావు? 'రోగి భార్య చెప్పారు' అని లోపల రాయి. నీది కాదని తెలుస్తుంది, ఎవరిదో తెలియదు. అత్తగారు చెప్పేది కూడా అంతేగా! కూర్చో, కూర్చో. ఒసే, మార్జిన్లు గియ్యండే ఎవరైనా!"

ఒకరు గీతలు గీశారు, ఒకరు చదివి వినిపించారు, కళ్ళజోడు టీ కప్పు ఆమడ దూరంలో పెట్టి చుక్కలు సరిచూసింది. చివరి రెండు పేజీలూ మళ్ళీ రాసి ఇచ్చేసి, పాత పేజీలు ముక్కలు ముక్కలుగా చింపి, పిన్ని నేరుగా మూల మంచం దగ్గరికి వెళ్ళింది.

"మామ్మగారూ, మీరు చెప్పింది నా చదువులో రాశాను. మీ పేరు మాత్రం రాయకూడదట" అంది, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు.

"నా పేరెందుకమ్మా! ఇవాళ ఈయన తిన్నాడా లేదా, అది చెప్పు."

"తిన్నారు. నన్ను తిట్టి మరీ తిన్నారు."

"తిట్టాడా?" మామ్మగారి మొహం వెలిగిపోయింది. "అయితే బాగుపడుతున్నాడు."

టీచరమ్మ అన్నట్టే ముందు పిన్ని కాగితాలే దిద్దింది. "రోగి భార్య చెప్పిన ప్రకారం" అన్న చోట కింద పచ్చగీత ఉంది. చివరి పేజీలో ఒకే ఒక్క చుక్క తప్పినందుకు ఒక మార్కు పోయింది. "ఆ లైను అత్తగారు కునుకు తీస్తున్నప్పుడు రాశావా పిన్నీ?" అని గుండుసూది ఆటపట్టించింది. పిన్ని రెండో ఏడులోకి వచ్చింది. మిగతా పిల్లల కాగితాల్లోనూ శాఖ ఆరోగ్య గారు మళ్ళీ కనిపించలేదు.

మర్నాడు టీచరమ్మ స్వయంగా బట్టలు మార్చుకునే గదికి వచ్చింది. ట్రాలీ చూసింది, తెల్లగుడ్డ చూసింది, కేస్ షీటు తీసి చదివింది. రోగి పేరు: అత్తగారు. ఫిర్యాదు: అందరి మీదా. వెన్నుకి కుట్లు. సందర్శకులు ఎక్కువ. ఆమె నవ్వు ఆపుకోవాలని చూసి, చేతకాక, పచ్చకలం తీసి షీటు అడుగున రాసింది: "డిశ్చార్జి చేయరాదు." ఆ తర్వాత కొత్తగా చేరేవాళ్ళు కొనాల్సిన వస్తువుల్లో ఆ పుస్తకం లేదు.

కథ ఇంతటితో సుఖంగా ముగిసిందని చెప్పడం నావల్ల కాదు. పిన్నికి మొదట పోయిన సగం మార్కులు తిరిగి రాలేదు. అద్దాల బీరువాకి ఇప్పటికీ నాలుగింటికే తాళం పడుతోంది. అడిగితే పిన్ని మళ్ళీ "పోన్లెండి" అంటుంది. మీరు మాత్రం అనకండి.

నర్సింగ్ చదివేవాళ్ళు ఆ పుస్తకం కొనాలా అంటే, మొదటి ఏడులో ఒక్కొక్కరూ కొననక్కర్లేదు. కానీ చేయి చాస్తే అందేలా ఒకటి ఉండి తీరాలి. పరిశోధనే వృత్తిగా ముందుకు వెళ్ళేవాళ్ళు అప్పుడు కొనుక్కుంటారు. మీరు పాఠం చెప్పేవాళ్ళయితే, కొనమనే ముందు అది పిల్లలకి ఏ వేళ అందుతుందో ఆలోచించండి. విద్యార్థులైతే, విడివిడిగా కొనే ముందు క్లాసంతా కలిసి ఒక్కమాట అడగండి. మీ ఇంట్లో అవసరం తీరిన పుస్తకం ఉంటే, దగ్గర్లోని కాలేజీలో ఆ పద్ధతే వాడుతున్నారా అని కనుక్కుని ఇచ్చేయండి. ఈ మూడింటిలో ఏదీ కానివాళ్ళు, మీకు దగ్గర్లో ఉన్న నర్సింగ్ కాలేజీకి ఒకసారి వెళ్ళి, ఆ పుస్తకం ఎక్కడుందో చూపించమనండి. బీరువాలో ఉంటే బయట పెట్టమని అడగండి.

వెళ్ళేటప్పుడు నాలుగు దాటాకే వెళ్ళండి.